కొండచలికి గ్యాసు మందు కాదు

మార్గశిర పుష్యమాసములలో లంబసింగి, చింతపల్లి, అరకులోయ ప్రాంతములయందు చలి ఒంటి అంకెకు దిగినప్పుడెల్ల, గిరిజన గృహములకు ఇక నెగడు వలదనియు, గ్యాసు హీటరే శరణ్యమనియు, కరెంటుతో చలి కాచుకొనుట కలవారి విలాసమనియు పలువురు వాదించుచుందురు. వంటకు గ్యాసు వచ్చి పొగబారినుండి స్త్రీల కన్నులను కాచినది. ఆ మేలును నేను కాదనను. వంట వేరు, మూసిన గదిలో రాత్రియంతయు మంట వెలిగించి నిదురించుట వేరు.

14.2 కిలోల సిలిండరులోని వేడి సుమారు 180 యూనిట్ల విద్యుత్తునకు సమానమన్నంతవఱకు వారి లెక్క సరియే. కాని కిలో గ్యాసు మండినచో ఒకటిన్నర కిలోలకు మించిన నీటియావిరియు, సుమారు మూడు కిలోల బొగ్గుపులుసు వాయువును పుట్టును; పొగగొట్టము లేని హీటరు వానిని నిదురించువారి నడుమనే విడుచును. తలుపు తెఱచినచో కొన్న వేడి కొండగాలి పాలగును. మూసినచో ప్రాణవాయువు తఱిగి, మంట చెడి, రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. చంటిబిడ్డకు చలి తగులునని తల్లి కిటికీసందులలో పాతగుడ్డలు దోపు ఇంట ఈ రెండింటిలో నేది జరుగునో వేఱుగ చెప్పవలెనా? పైగా ద్రవము ఆవిరియగుటకు వలయు వేడిని సిలిండరునుండియే లాగుకొనును గావున, చలి ముదిరిన తెల్లవాఱుజాముననే మంట నీరసించును.

కరెంటు హీటరునకు గాలితో పనిలేదు. వెయ్యి వాట్లది గంటసేపు నడచినచో ఒక యూనిట్టు ఖర్చగును, అదంతయు వేడియై గదిలోనే చేరును. 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రమును, తరువాత వచ్చిన సీలేరు కేంద్రములును ఈ కొండలలోనివే గదా! ఇచ్చటి యేటినీటితో పుట్టిన కరెంటు తీగలవెంట మైదానమునకు దిగిపోవుచుండ, బాటలేని గూడెమునకు సిలిండరును భుజములపై మోయించి, ఇదియే మీకు చవుకయని చెప్పుట యే న్యాయము?

కొండలలో కరెంటు నిలుకడగా నుండదన్నది యొక్కటే వారి వాదమున బరువైన మాట. 230 వోల్టులు రావలసినచోట 160 మాత్రమే వచ్చినచో హీటరు వేడి సగమునకు పడిపోవును. అందుచేతనే గూడెములు అడుగవలసినది గ్యాసు హీటరు గాదు: చివరి స్తంభము దాక గట్టి తీగ, భారమునకు చాలిన ట్రాన్స్‌ఫార్మరు, గాలివానకు ఒరిగిన స్తంభమును ఆనాడే నిలబెట్టు లైన్‌మన్. ఈ పనులు పుష్యమాసపు చలికి కాదు, కార్తికమునకే ముగియవలెను.