తేదీలు మరిచేవారికే తేదీల పరీక్ష

తనకు నలభై ఒకటో ఏట ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవని సమస్య) ఉన్నట్టు తేలిందని నటుడు ఫహద్ ఫాజిల్ 2024 మేలో కేరళలోని కోతమంగళంలో ఒక సభలో చెప్పారు. పిల్లల జబ్బుగా మాత్రమే వింటూ వచ్చిన పేరును ‘పుష్ప’లో పోలీసు అధికారిగా వేసిన నటుడి నోట విని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆయనకు డాక్టరు దగ్గరలోనే ఉన్నారు. అదే సమస్య నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో అడ్తి (కమీషన్ ఏజెంటు) దగ్గర పనిచేసే గుమాస్తాకు ఉంటే?

పసుపు సీజనులో ఆ గుమాస్తా పని ఎలా ఉంటుందో చూడండి. తక్‌పట్టీ అనే లెక్క చీటీలో రైతు పేరు, బస్తాల లెక్క, కొమ్ము ఎంత, గోళ ఎంత, తూకం, ధర, హమాలీ, తూకం వేసే దడువాయి కూలి అన్నీ ఎక్కాలి. రాస్తుండగానే ఫోన్ మోగుతుంది, ఇంకో రైతు వచ్చి పైసలు అడుగుతాడు, సేటు లోపలి నుంచి కేకేస్తాడు. ఒక్క అంకె తప్పితే సాయంత్రానికి గొడవ. లెక్కలు రాక కాదు, మనసు ఒకచోట నిలవక తప్పులు దొర్లుతాయి. ఇట్లాంటి మనిషి ఏ దుకాణంలోనూ రెండు సీజన్లు నిలవడు. ఇంట్లో ‘సోయి లేనోడు’ అంటారు. రైతుకైతే నష్టం నేరుగా పైసల్లోనే కనిపిస్తుంది. పంట రుణం గడువులోగా కడితే వడ్డీ 4 శాతం పడుతుంది, తేదీ దాటితే 3 శాతం రాయితీ పోతుంది. చేతిలో పైసలుండీ బ్యాంకుకు పోవడం మరిచిపోయినవాణ్ని ఊరు బద్ధకస్తుడనే అంటుంది.

ఏడీహెచ్‌డీ బద్ధకం కాదు. మెదడులో డోపమైన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాల పనితీరుతో ముడిపడిన, ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చే స్థితి. ప్రపంచ అధ్యయనాల అంచనా ప్రకారం పెద్దవారిలో సుమారు 2.5 శాతం మందికి ఇది బాల్యం నుంచీ కొనసాగుతుంది. మనకంటూ సొంత లెక్క లేదు. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. చిన్నప్పుడు గంతులేసిన మగపిల్లవాణ్ని కనీసం టీచరు గమనిస్తుంది. కిటికీ దగ్గర మౌనంగా కూర్చుని పరాకుగా ఉన్న ఆడపిల్లను ఎవరూ గమనించరు. ఆమే పెద్దయ్యాక బీడీలు చుడుతూ, పొయ్యి మీద పాలు మరిచిపోయి రోజూ మాటలు పడుతుంది.

ఫోన్‌లో నాలుగు రీల్స్ చూసి ‘నాకూ ఉంది’ అనుకోవడం తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో తయారైన ఆరు ప్రశ్నల పట్టిక అనుమానాన్ని మాత్రమే చెబుతుంది, నిర్ధారణ చేయదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలన్నది 2013 నుంచి అమలులో ఉన్న ప్రమాణం. అందుకే మంచి సైకియాట్రిస్టు తల్లిని వెంట తెమ్మంటారు, పాత ప్రోగ్రెస్ కార్డు ఉందా అని అడుగుతారు. థైరాయిడ్, నిద్రలేమి, దిగులు, ఆందోళన కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి వాటినీ విడదీసి చూస్తారు.

మన జిల్లాలో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మందు కల్లు. ఆల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్లుకు అలవాటుపడ్డ మనిషికి అది ఒక్కరోజు దొరక్కపోతే నిద్ర పట్టదు, కాళ్లు చేతులు నిలవవు, మనసు కుదరదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్‌తో పాటు పలు జిల్లాల ఆస్పత్రులు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఇలాంటి బాధితులతో నిండిపోయాయి. కల్లు సంగతి తేల్చకుండా ఏడీహెచ్‌డీ చీటీ రాయడం ప్రమాదం. అలాగని కల్లు తాగుతాడన్న ఒక్క మాటతో ఏడీహెచ్‌డీ ఉన్న మనిషిని వెనక్కి పంపడమూ అన్యాయమే. నిలవని మనసును నిలుపుకోవడానికే కొందరు మత్తులోకి జారతారని వైద్యులకు తెలుసు.

ఇంత దూరం వచ్చి నిర్ధారణ అయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. ముఖ్యమైన మందు మిథైల్‌ఫెనిడేట్. పనిచేస్తే గంటలోపే తేడా తెలుస్తుంది. ఆకలి తగ్గడం, నిద్ర చెదరడం, బీపీ, గుండె వేగం పెరగడం వంటివి ఉంటాయి కాబట్టి డాక్టరు కనిపెట్టి ఉండాలి. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, మాదకద్రవ్యాల నిరోధక చట్టం కిందికీ వస్తుంది. అమ్మే షాపుకు వేరే లైసెన్సు కావాలి. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపు రెండేళ్లు దాచాలి, మాత్రలు తాళం వేసిన చోట ఉంచాలి. దుర్వినియోగం నిజమైన భయమే కాబట్టి ఈ కట్టుబాట్లను నేను తప్పుపట్టను. అటమాక్సెటిన్ వంటి మందులకు ఇంత కట్టడి లేదు, కానీ పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, అందరికీ సరిపడదు.

నేను తప్పుపట్టేది మరొకటి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను ఫోన్‌లోనో వీడియోలోనో రాయకూడదన్నాయి. అంటే అదే మాత్ర, అదే మోతాదు కోసం కూడా మనిషి మళ్లీ మళ్లీ డాక్టరు ముందుకు స్వయంగా రావాలి. ఆర్మూర్ నుంచి నిజామాబాద్ సుమారు 25 కిలోమీటర్లు, హైదరాబాద్ అయితే మూడు గంటలకు పైగా ప్రయాణం. దినం కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. తేదీలు గుర్తుండకపోవడం, కాగితాలు పోగొట్టుకోవడం, పనులు వాయిదా వేయడమే ఈ జబ్బు లక్షణాలు. తేదీ తప్పకుండా, కాగితం పోకుండా, వాయిదా లేకుండా వచ్చినవాడికే మందు అనడం కుంటివాడితో మెట్లెక్కి వస్తేనే కర్ర ఇస్తామన్నట్టు ఉంది. చాలామంది మధ్యలోనే మానేస్తారు, మానేసినందుకు మళ్లీ తిట్లు తింటారు.

ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయేవారికి ఇంకో ముప్పు ఉంది. యూఏఈలో మిథైల్‌ఫెనిడేట్ నియంత్రిత ఔషధం. అక్కడి ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా బ్యాగులో వేసుకుని దిగితే కేసు కావచ్చు. వీసా, టికెట్ చేతికొచ్చినప్పుడు ఈ మాట చెప్పేవారు మన పట్టణంలో ఉండాలి.

మందు అవసరమా అని అడిగేవారికి ఒక్క లెక్క చెబుతాను. అమెరికాలో 23 లక్షల మంది ఏడీహెచ్‌డీ రోగుల రికార్డులు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మందు వాడిన నెలల్లో రోడ్డు ప్రమాదాల ముప్పు మగవారిలో 38 శాతం, ఆడవారిలో 42 శాతం తక్కువగా కనిపించింది. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఆర్మూర్‌లో ఉన్న మనకు ఈ లెక్క దూరపుది కాదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో వారానికి ఒకపూట పెద్దల ఏడీహెచ్‌డీ ఓపీ పెట్టాలి, అక్కడే మందు నిల్వ ఉంచాలి. మొదటి నిర్ధారణ ముఖాముఖిగానే జరగాలి. ఆ తర్వాత ఆర్మూర్ ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరు బీపీ, బరువు చూసి నమోదు చేస్తే, నిజామాబాద్ సైకియాట్రిస్టు వీడియోలో చీటీ కొనసాగించేలా కేంద్రం మార్గదర్శకాలు సవరించాలి. మానసిక వైద్యం భౌగోళికంగా చేరువలో ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులను నిలబెట్టిన జిల్లా ఈ చిన్న కోరికను గట్టిగా అడగగలదు.

అప్పటిదాకా, చిన్నప్పటి నుంచీ ఈ అవస్థ పడుతున్నవారు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి, బడి కాగితం ఏది దొరికినా పట్టుకెళ్లండి, కల్లు అలవాటుంటే దాచకండి.