పిల్లల వ్యాధిని దాచవలదు

బిడ్డకు చక్కెర వ్యాధి వచ్చినదన్న మాటను బంధువులకు పొక్కనీయక దాచు అలవాటు మనవారిలో ఇంకను పోలేదు. తరతరములుగా పరభాషా ప్రాంతమున నున్న మనకు సంబంధములన్నియు మనలో మనకే గనుక, ఆడపిల్ల విషయమున ఆ భయము మరింత హెచ్చు. ఈ దాపరికము బిడ్డకే కీడు చేయునని మా అభిప్రాయము.

పిల్లలలో ఎక్కువగా కనిపించు మొదటి రకపు మధుమేహము మిఠాయిలు తినుటవలన గాని తల్లి పెంపకమువలన గాని వచ్చునది కాదు. రోగక్రిములనుండి కాపాడవలసిన శరీర రక్షణశక్తి పొరబడి, క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములనే నశింపజేయును. 1922లో టొరాంటోలో ఒక బాలునికి ఇన్సులిన్ ఇచ్చి బ్రతికించిన నాటినుండి ఈ వ్యాధికి భయపడవలసిన కాలము పోయినది. ఏమరుపాటు మాత్రము కూడదు.

ఏలయన, దారితప్పిన కావలివాడు ఒక గదితో ఆగకపోవచ్చును. అదే రక్షణశక్తి గొంతులోని థైరాయిడ్ గ్రంథిపై బడవచ్చును. గోధుమ తిన్నప్పుడు చిన్నప్రేవులను చెరచు సీలియాక్ వ్యాధియు రావచ్చును. వీని జన్యుమూలము కొంత ఉమ్మడిది. మధుమేహము బయటపడునప్పటికే ఇంచుమించు నలుగురు పిల్లలలో ఒకరి రక్తమున థైరాయిడ్‌ను ఎదిరించు ప్రతిరక్షకములు కానవచ్చును. ఎదుగుదల మందగించుట, పాలిపోవుట, చక్కెర తరచు పడిపోవుట కొన్ని గుర్తులు; ఏ గుర్తును లేకయు నుండవచ్చును. కావున మధుమేహము తెలిసిన వెంటనే ఈ రెండింటికిని రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల చేయించవలయును. సీలియాక్ పరీక్షకు ముందే గోధుమ మాన్పరాదు. మాన్పినచో వ్యాధి పరీక్షకు చిక్కకపోవచ్చును.

మేము కిరాణా వర్తకులము గనుక ఒక సంగతి చెప్పగలము. సీలియాక్ గల బిడ్డకు చపాతీ, బొంబాయి రవ్వ మాన్పినంతనే చాలదు. అంగళ్ళలో అమ్ము ఇంగువ పెక్కింటిలో గోధుమపిండియో మైదాయో కలిసియుండును. డబ్బాపై వ్రాతను చదివి కొనవలయును. ఇంట వ్యాధి యున్నదని చెప్పినగదా అంగడివాడు తగిన సరకు ఇయ్యగలుగును! అమ్మమ్మయు, బడి పంతులును, పెండ్లి వంటవాడును ఎరిగియున్నగదా బిడ్డ సురక్షితముగా నుండును!

మన సంఘపు భోజనములకు వచ్చు కుటుంబములవారు ముందుగా ఒక్క మాట చెప్పిన చాలును. ఆ బిడ్డకు ఇంగువ లేని చారు వేరు గిన్నెలో కాయించుటకు మేము పూచీ పడుచున్నాము.