కరెంటుకీ శ్రుతికీ చుట్టరికం ఉందా?

మా ఊళ్ళో ఒక డాక్టరు మిత్రులున్నారు. పాత పాటలంటే ప్రాణం. ఆ మధ్య వారింటికి భోజనానికి వెళ్తే, చెయ్యి కడుక్కున్నానో లేదో, నన్ను బేస్‌మెంటులోకి లాక్కెళ్ళారు. ఆంప్లిఫయరు వెనక బొటనవేలంత లావు నల్లటి తీగ. గోడ ప్లగ్గు నుంచి కరెంటు తెచ్చే తీగ అన్నమాట. ఖరీదు ఆరు వందల డాలర్లు! "ఇది పెట్టాక సుశీల గారు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుందండీ" అన్నారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని కదా, నా చేత అవుననిపించాలని ఆయన తాపత్రయం.

నేను అవుననలేదు. అలాగని కరెంటుకీ పాటకీ సంబంధమే లేదని కూడా అనలేను. కారణం మా నాన్నగారు.

కొన్నేళ్ళ క్రితం మా ఇంటి పాత రికార్డు ప్లేయరుని ఇండియా నుంచి మోసుకొచ్చాను. అక్కడి కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. ట్రాన్స్‌ఫార్మరు తగిలించి, ఘంటసాల గారి రికార్డు వేసుకుని మురిసిపోయాను. గొంతు కాస్త పీలగా అనిపించినా, పాత రికార్డు కదా అని సరిపెట్టుకున్నాను. ఆ వేసవిలో మా దగ్గరికొచ్చిన నాన్నగారు ఒక్క చరణం కూడా పూర్తిగా వినలేదు. "ఇది ఘంటసాల గొంతు కాదురా. ఆయన్నెవరో వెనక నుంచి తరుముతున్నారు" అన్నారు.

అప్పటికి గాని నా బుర్ర వెలగలేదు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. ఇండియాలో అది 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఆ ప్లేయరు మోటారు వేగం దాన్ని బట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన రికార్డు 40 సార్లు తిరుగుతోంది. మూడు నిమిషాల పాట రెండున్నర నిమిషాల్లో అయిపోతోంది. శ్రుతి హార్మోనియం మీద మూడు మెట్లు పైకెక్కి కూర్చుంది. మోటారుకి చిన్న పుల్లీ చేయించి వేశాకే ఆయన గొంతు ఆయనకొచ్చింది.

ఇలాంటి నిజమైన తేడాలు ఇంకా ఉన్నాయి. కేబుల్ టీవీ తీగ ఒకచోట, ఆంప్లిఫయరు ఇంకోచోట గ్రౌండయితే స్పీకర్లలో ఒకటే రొద. గదిలో లైటు డిమ్మరు తిప్పితే బుర్రుమనే చప్పుడు. వీటికి మందు చవకే. ఆడియో పెట్టెలన్నీ ఒకే ప్లగ్గు దగ్గర కలపడం, కేబుల్ తీగకి ఐసొలేటరు వేయడం, పాట వినేటప్పుడు డిమ్మరు ఆపేయడం. రొద పోతుందని ప్లగ్గు మూడో పుల్ల మాత్రం విరగ్గొట్టకండి, అది ప్రాణాలు కాపాడేది.

కాని ఆరు వందల డాలర్ల తీగ సంగతి వేరు. పవర్ హౌసు నుంచి మైళ్ళ కొద్దీ, గోడలోపల కూడా, కరెంటు మామూలు తీగలోంచే వస్తుంది. ఆంప్లిఫయరు దాన్ని డి.సి.గా మార్చి, కెపాసిటర్లతో వడగట్టుకుని గాని వాడుకోదు. చివరి ఆరడుగులకి పట్టుచీర కట్టి ఏం లాభం?

మాటలెందుకని పరీక్ష పెట్టుకున్నాం. వాళ్ళబ్బాయి తెర వెనక తీగలు మారుస్తుంటే, డాక్టరుగారు పదిసార్లు విని, ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా పదికి ఐదో ఆరో కలుస్తాయి. తెర తీయగానే "ఇప్పుడు వినండి, ఎంత తేడా!" అన్నారు. పాపం, ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి నిజంగానే వినిపించింది. పిండిబిళ్ళ మింగి నొప్పి తగ్గిందనే రోగులు ఆయనకి తెలియని వాళ్ళా?

నా అభిప్రాయం ఇంతే. మన చెవి మంచి సాక్షే. నాన్నగారికి హెర్ట్జ్ అంటే ఏమిటో తెలియదు, ఎవరూ ఏమీ చెప్పలేదు, చెవి ఒక్కటే సాక్ష్యం చెప్పింది. డాక్టరుగారి విషయంలో చెవితోపాటు కళ్ళూ, పర్సూ కూడా బోనెక్కాయి. రాత్రి పదింటికి పాట కమ్మగా ఉంటే, కరెంటు శుభ్రపడిందనుకోకండి. డిష్‌వాషరు ఆగింది, పిల్లలు పడుకున్నారు, మన మనసు కుదుటపడింది.

ఏది కొనబోయినా, ముందు ఇంకొకరి చేత మార్పించి, చూడకుండా వినండి. అప్పుడూ తేడా తెలిస్తే నిక్షేపంలా కొనుక్కోండి. తెలియకపోతే ఆ డబ్బుతో ఇండియాకి టిక్కెట్టు కొని, అమ్మానాన్నల పక్కన కూర్చుని అదే పాట వినండి. అంతకన్నా మంచి తీగ నాకు తెలియదు.