పాత కంప్యూటరును పారవేయవలెనా?

మన కామాఠీపుర చాళ్ళలో కంప్యూటరు ఒక్కరి సొత్తు కాదు. అన్నకు ఉద్యోగపు దరఖాస్తు, చెల్లెలికి పాఠము, తండ్రికి సంఘపు లెక్కలు, బంధువుల పెండ్లికి శుభలేఖ, అన్నియు ఆ యొక్క యంత్రముమీదనే జరుగును. దానికిప్పుడొక చిక్కు వచ్చినది. 2015లో వెలువడిన విండోస్ 10కు మామూలు రక్షణ సవరణలను మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో నిలిపివేసినది. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు ప్రకటించినది.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. “నడచుచున్న బండిని కదలింపనేల?” అని పెద్దలందురు. “పాతది తీసివేసి క్రొత్తది కొనుడు” అని అమ్మువారందురు. ఈ రెండును తొందరపాటు మాటలేయని నా అభిప్రాయము.

మొదటి వాదమునకు 2017 మే నెలయే సమాధానము. ఆనాడు వానాక్రై అను దుష్ట కార్యక్రమము అనేక దేశములలోని కంప్యూటర్లలో చొరబడి, దస్త్రములకు తాళము వైచి, ధనము కోరినది. ఇంగ్లండులోని ఆసుపత్రులు సైతము స్తంభించినవి. దానిని అడ్డగించు సవరణ అదే సంవత్సరము మార్చిలోనే వెలువడినది. దానిని చేర్చుకొనని యంత్రములే చిక్కుకొన్నవి. సవరణలు లేని యంత్రముతో బ్యాంకు వ్యవహారములు నడపుట తలుపు తెరచి నిద్రించుట వంటిది.

రెండవ వాదమును తూచి చూతము. విండోస్ 11కు కనీసము 4 జీబీ జ్ఞాపకశక్తి, 64 జీబీ నిల్వస్థలము, టీపీఎం 2.0 అను రక్షణాంగము, అంగీకృతమైన ప్రాసెసరు ఉండవలెను. మన యింటి యంత్రము తగునో తగదో మైక్రోసాఫ్టువారి పీసీ హెల్త్ చెక్ అను సాధనము ఉచితముగా చెప్పును. తగినచో విండోస్ 10నుండి మారుటకు రుసుము లేదు. తగనిచో షరతులను దాటించు ఉపాయములు కలవుగాని, అట్టి యంత్రములకు సవరణలు వచ్చునను హామీ లేదు.

ఈ పేటకు పేరు తెచ్చినవారు నిజాం రాజ్యమునుండి వచ్చి బొంబాయి కట్టడములకు రాళ్ళు మోసిన తెలుగు కామాఠీలు. పునాది చూడక పై అంతస్తు లేపరాదని మేస్త్రీకి ఎవరును చెప్పనక్కరలేదు. మనమును పునాదినే మొదట చూడవలెను. ఆ పునాది మన దస్త్రములు.

అందు తెలుగు దస్త్రములకు ప్రత్యేకమైన అపాయము కలదు. తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానము లభించినది. అయినను అచ్చుపనివారు చాలకాలము అను వంటి ఫాంట్లతోనే వ్రాసిరి. ఆ పద్ధతిలో ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు ముక్కలు కూర్చబడియుండును. క్రొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేనిచో సంఘపు తీర్మానము, తాతగారి జాబు అర్థము లేని గుర్తుల కుప్పయగును. కావున వ్యవస్థను మార్చకమునుపే వానిని యూనికోడునకు మార్చి, పీడీఎఫ్ ప్రతులు తీసి, వేరొక డిస్కున భద్రపరుపవలెను. మార్పిడిలో తప్పులు దొర్లును. తెలుగు చదివిన విద్యార్థియే కూర్చుండి సరిచూడవలెను. ఇది మన పని. దుకాణదారుడు చేయునది కాదు.

ఇక క్రొత్త విండోసునకు తగని యంత్రమునకు దారి లేకపోలేదు. లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను పెన్‌డ్రైవునుండి నడిపి, డిస్కులోనిదేదియు చెరపకయే పరీక్షింపవచ్చును. అందు తెలుగు వ్రాయవచ్చును, చదువవచ్చును. అయితే పాత విండోస్ కార్యక్రమములు నేరుగా నడువకపోవచ్చును. ప్రింటరు పనిచేయునో లేదో ముందే చూచుకొనవలెను. యంత్రము మందగించినచో, మనకు నడకదూరముననున్న లామింగ్టన్ రోడ్డులో ఒక ఎస్‌ఎస్‌డీ కొని అమర్చుట క్రొత్త కంప్యూటరు కొనుటకంటె ఎంతో చౌక.

కావున విద్యార్థులారా! వేసవి సెలవులలో ఒక్క రోజు ఇందుకు కేటాయింపుడు. మొదట ప్రతులు తీయుడు, పిమ్మట పరీక్షింపుడు, తుదకు మార్చుడు. మన యింట ఈ విద్య తెలిసినవారము మనమే. మనము చూపిన శ్రద్ధను బట్టియే ఇంటి తెలుగు కాగితములు నిలుచును.