రాత్రి షిఫ్టుకి ‘సరే’ అన్నదెవరు?

తడ దగ్గర 2008లో శ్రీసిటీ మొదలయ్యాక మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో ఆడపిల్లలకి సొంత జీతమంటే ఏమిటో తెలిసింది. కంపెనీ బస్సులెక్కే ఆ పిల్లల్ని చూస్తే నాకు సంతోషమే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలకు పని కూడదంది. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆ అడ్డు తొలగించాలని, రోజు పనిగంటలు 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. అదే ఏడాది నవంబరులో అమల్లోకొచ్చిన కేంద్ర కార్మిక స్మృతులూ రాత్రి పనికి ఒప్పుకున్నాయి. స్త్రీ సమ్మతి, భద్రత ఉండాలన్నది షరతు.

నిషేధం పోవడం మంచిదే. రక్షణ పేరుతో ఆడదాన్ని ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెడతారు? మరి సమ్మతి మాటేమిటి? కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి ‘రాత్రిళ్ళు నావల్ల కాదు’ అంటే రేపు ఆ పని ఉంటుందా? పది గంటలు నిలబడి ఇంటికొస్తే పొయ్యి దగ్గర ఇంకో షిఫ్టు కాచుకునుంటుంది. దాంట్లో మగవాళ్ళ వాటా ఎంత?

కాదంటే ఉద్యోగం పోకూడదు, ఔనంటే ఇంట్లో మాట పడకూడదు. అప్పుడే దాన్ని సమ్మతి అనాలి. సంతకం పెట్టేముందు ఆ కాగితంలో ‘కాదు’ అనే వీలుందో లేదో చూసుకోండి, అమ్మాయిలూ!