మార్చింగ్ బ్యాండుకి నేనెందుకు అభిమానినయ్యాను

ఐపీఎల్ మొదలైందంటే తరగతిలో పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "మేడమ్, మీది ఏ టీమ్?" అని. "ముందు మీదేదో చెప్పండి" అంటే కొందరు టక్కున చెప్పేస్తారు. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగేవాళ్ళెవరో మీకు తెలుసు. పుట్టింది ఒక ఊళ్ళో, ఒకటో తరగతి ఇంకో ఊళ్ళో, ఐదో తరగతికి మూడో రాష్ట్రం. అమ్మమ్మగారిది రాజమండ్రే అయినా అక్కడ గడిపింది అన్నీ కలిపి నాలుగు వేసవి సెలవులు. అలాంటప్పుడు ఏ ఊరి జట్టుని "మాది" అనాలి? నాకూ అదే ఇబ్బంది. ఉద్యోగంలో చేరాక నాలుగు రాష్ట్రాలు తిరిగాను. మా ఇంట్లో ఇంకా విప్పని అట్టపెట్టెలు కొన్నిటి మీద మూడేసి ఊళ్ళ పేర్లు రాసి, కొట్టేసి ఉంటాయి.

నా అభిమానం ఎక్కడ కుదిరిందో చెబితే పిల్లలకి నవ్వొస్తుంది. అమెరికాలో హైస్కూలు పిల్లల మార్చింగ్ బ్యాండు పోటీల మీద. ఒక్క బడి మీద కాదు, మొత్తం పోటీల మీదే.

మన దగ్గర బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళం గుర్తొస్తుంది, లేదంటే రిపబ్లిక్ డే కవాతు. అక్కడి హైస్కూలు బ్యాండు ఈ రెండిటికీ దూరపు చుట్టం. దాని మూలం సైనిక బ్యాండుల్లోనే ఉంది కానీ, ఇప్పుడది సగం సంగీత కచేరీ, సగం నాటకం. ఫుట్‌బాల్ మైదానంలో వందా రెండు వందల మంది పిల్లలు ట్రంపెట్లు, క్లారినెట్లు, డ్రమ్ములు పట్టుకుని, ఒంటికి కొండచిలువలా చుట్టుకున్న సూసాఫోన్లు మోస్తూ, వాయిస్తూ నడుస్తారు, పరుగెత్తుతారు, వెనక్కి వెనక్కి అడుగులేస్తారు. రంగు జెండాలు తిప్పే పిల్లలు వేరుగా ఉంటారు. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు. ఆ ఏడెనిమిది నిమిషాల కోసం వేసవి ఎండలో మొదలుపెట్టి నవంబరు దాకా సాధన చేస్తారు.

టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మగారి అమ్మాయి ఒకసారి వాళ్ళ అమ్మాయి బ్యాండు వీడియో పంపింది. ఆ పిల్ల క్లారినెట్ వాయిస్తుంది. "పిన్నీ, నేనెక్కడున్నానో కనుక్కో" అని పందెం కట్టింది. ఆ పిల్లని వెతుకుతూ వీడియో మూడుసార్లు చూశాను, దొరకలేదు. నాలుగోసారికి వెతకడం మానేసి బ్యాండుని చూడడం మొదలుపెట్టాను. అప్పట్నించీ ఏటా చూస్తూనే ఉన్నాను.

చూసేకొద్దీ తెలిసిందేమిటంటే, అందులో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లవాడికీ ఒక చుక్క ఉంటుంది. ఫలానా గీత నుంచి ఇన్ని అడుగులు కుడికి, ముందు గీత నుంచి ఇన్ని అడుగులు వెనక్కి అని కాగితం మీద రాసి ఇస్తారు. ఒక ప్రదర్శనలో అలాంటి చుక్కలు పదుల కొద్దీ ఉంటాయి. పాట సాగుతూ ఉండగానే ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి లెక్కపెట్టుకుంటూ నడవాలి. వాళ్ళ మామూలు అడుగు ఐదు గజాలకి ఎనిమిది, అంటే ఒక్కో అడుగు సుమారు 57 సెంటీమీటర్లు. పొడుగువాడైనా పొట్టివాడైనా అంతే వెయ్యాలి. సంక్రాంతి ముగ్గులో చుక్కలు కదలవు, గీత వాటి చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ చుక్కలే నడుస్తాయి, అవి నడుస్తుంటే ముగ్గు మారిపోతుంది. స్టేడియంలో పైవరసల్లో కూర్చున్నవాళ్ళకి ఆ ముగ్గు బాగా కనిపిస్తుంది. మైదానంలో ఉన్న పిల్లకి పక్కవాడి భుజం తప్ప ఇంకేమీ కనిపించదు.

సైన్సు పిల్లలకి నచ్చే సంగతి ఇంకోటుంది. మైదానం నిడివి 100 గజాలు, సుమారు 91 మీటర్లు. శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున ప్రయాణిస్తుందని చదువుకున్నారు కదా, ఆ లెక్కన ఈ చివర కొట్టిన డ్రమ్ము ఆ చివరికి వినిపించడానికి సెకనులో పావు వంతు పైగా పడుతుంది. వేగంగా సాగే పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది సెకనులో మూడో వంతే. చెవికి వినిపించినదాన్ని బట్టి అందరూ వాయిస్తే చూసేవాళ్ళకి అంతా గందరగోళంగా వినిపిస్తుంది. అందుకే వెనక ఉన్నవాళ్ళు డ్రమ్ మేజర్ చేతులు చూసి వాయిస్తారు, ముందున్నవాళ్ళు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని విని దానితో కలుస్తారు. ముందున్నవాళ్ళు వెనకవాళ్ళ మాట వినడం అనేది మన అసెంబ్లీ లైన్లలో నేనెప్పుడూ చూడలేదు!

పోటీలు చాలా ఉన్నాయి. పెద్దది బ్యాండ్స్ ఆఫ్ అమెరికా అనే సంస్థ నిర్వహించే గ్రాండ్ నేషనల్స్. ఆ సంస్థ 1975లో మొదలైంది. 2008 నుంచి ఈ పోటీ ఇండియానాపొలిస్‌లో లూకస్ ఆయిల్ స్టేడియంలో, నవంబరు నెలలో జరుగుతోంది. ఫైనల్స్‌కి 12 బ్యాండులు మిగులుతాయి. అక్కడ శనివారం రాత్రి అంటే మనకి ఆదివారం పొద్దున్న. ఆ ఒక్క ఆదివారం మా ఇంట్లో ఇడ్లీలు ఆలస్యమవుతాయి. మార్కులు నూటికి. అందులో సగానికి పైగా ప్రదర్శన మొత్తం మీద కలిగించే ముద్రకి ఇస్తారు, మిగతావి వాయించడానికి, నడవడానికి. ఫలితాలు పన్నెండో స్థానం నుంచి పైకి చదువుతారు. డ్రమ్ మేజర్లు మైదానంలో వరసగా నిలబడి ఉంటారు. తమ పేరు ఇంకా రాలేదంటే సంతోషించాలి. రిజల్టులో పేరు రాకపోతే సంతోషించే చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు.

ఏవన్ హైస్కూలు 2008, 2009, 2010లో వరసగా మూడుసార్లు గెలిచింది. కార్మెల్ హైస్కూలు 2016, 2017, 2018లో గెలిచింది. రెండూ ఇండియానాపొలిస్ పక్క ఊళ్ళే. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. అక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. 2016లో పదకొండు, పన్నెండు తరగతుల్లో ఉన్నవాళ్ళెవరూ 2018 బ్యాండులో లేరు. ఏటా పై తరగతి మొత్తం వెళ్ళిపోతుంది, కింద నుంచి కొత్తవాళ్ళు వస్తారు. క్రికెట్‌లో మనం ఒక ఆటగాడిని పదిహేనేళ్ళు అభిమానించవచ్చు. ఇక్కడ ఒక ట్రంపెట్ పిల్ల నచ్చిందనుకోండి, మహా అయితే నాలుగేళ్ళు. ఆ తర్వాత ఆ చుక్క మీద ఇంకెవరో నిలబడతారు. వెళ్ళిపోయేవాళ్ళతోనే నిలబడే జట్టు అది. ఏ ఊరి జట్టూ మనది కాని మనలాంటివాళ్ళకి అది చాలా దగ్గరగా అనిపిస్తుంది, నాకైతే అనిపించింది.

అన్నీ నచ్చుతాయని కాదు. ఈమధ్య మైదానం మీదకి తెచ్చే సెట్టింగులు మరీ పెద్దవైపోయాయి. మెట్లు, గోడలు, వంతెనలు లారీల్లో వస్తాయి. పిల్లలు వాయిస్తుంటే మధ్యలో స్పీకర్ల నుంచి ఎవరో గంభీరంగా మాట్లాడతారు. ఎందుకో! వాయిద్యం చెప్పలేనిది ఆ గొంతు చెబుతుందని నేననుకోను. వీటన్నిటికీ డబ్బు కావాలి. పిల్లల నుంచి ఏడాదికి వెయ్యి డాలర్లకు పైగా తీసుకునే బళ్ళు ఉన్నాయి. అది చాలక తల్లిదండ్రులు తినుబండారాల కొట్లు పెట్టి చందాలు పోగుచేస్తారు. పైస్థానాల్లో కలిగినవాళ్ళ ఊళ్ళ పేర్లు ఎక్కువగా వినిపించడం యాదృచ్ఛికం కాదు. పిల్లల సంఖ్యను బట్టి బళ్ళని నాలుగు తరగతులుగా విడదీసి చిన్న బళ్ళకి వేరే బహుమతులిస్తారు, అది కొంత నయం. నేను చిన్న బళ్ళ వీడియోలే ఎక్కువ వెతుక్కుంటాను. నలభై మంది ఉన్న బ్యాండులో దాక్కోవడానికి చోటుండదు.

టెక్సాస్‌లో 1984లో ఒక చట్టం వచ్చింది. ఒక సబ్జెక్టులో ఫెయిలైతే కనీసం మూడు వారాలు ఆటలకీ పోటీలకీ దూరం. బ్యాండుకీ అదే వర్తిస్తుంది. ఈ సంగతి చెబితే మన తల్లిదండ్రుల ముఖాలు వెలుగుతాయి. అక్కడి అభిమానులకి మాత్రం అక్టోబరు వచ్చిందంటే గుబులు. ఎవరో ఒకరు లెక్కల్లో పోతారు, ముగ్గులో ఒక చుక్క ఖాళీ అవుతుంది. క్రికెట్ జట్టులో ఒకడు లేకపోతే పన్నెండోవాడు వస్తాడు. బ్యాండులో అంత తేలిక కాదు. పెద్ద బళ్ళలో ప్రత్యామ్నాయంగా కొందరు ఉంటారు కానీ, చిన్నచోట్ల ఆ ఖాళీ అలాగే కనిపిస్తుంది, లేదంటే రాత్రికి రాత్రి పక్కవాళ్ళ చుక్కలు మార్చి సరిచేస్తారు. ఒక్కరు లేకపోతే స్టేడియం పైవరసలో ఉన్నవాడికి కూడా తెలిసిపోయే పని బళ్ళల్లో ఇంకేముంది చెప్పండి?

అయితే ఖాళీలు ఫెయిలైనవాళ్ళ వల్లే రావు. అక్కడా బదిలీలుంటాయి, ముఖ్యంగా సైన్యంలో. సంవత్సరం మధ్యలో కుటుంబం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్తుంది. అలాంటి పిల్లల కోసం 2008లో అమలుకు వచ్చిన ఒక అంతర్రాష్ట్ర ఒప్పందం ఉంది. ఇప్పుడు 50 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. సర్టిఫికెట్లు, తరగతి నిర్ణయం వంటి వాటితో పాటు అందులో ఒక మాట ఉంది. బదిలీ మీద వచ్చిన సైనికుల పిల్లలు అర్హులైతే, దరఖాస్తు గడువు దాటిపోయినా వాళ్ళు పాఠ్యేతర కార్యక్రమాల్లో చేరడానికి బడి వీలు కల్పించాలి. చోటు ఇచ్చి తీరాలని కాదు, గడువు అనే తలుపు మాత్రం మూసెయ్యకూడదని. బ్యాండు పోటీలు చూస్తూ చూస్తూ ఈ సంగతి దగ్గరికి వచ్చాక నాకు మన బళ్ళు గుర్తొచ్చాయి.

మనకీ జాతీయ స్థాయి స్కూలు బ్యాండు పోటీ ఉంది. విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి నిర్వహిస్తాయి. బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు, అందులో మళ్ళీ బాలురకీ బాలికలకీ వేరువేరుగా. 2025 జనవరి 24, 25 తేదీల్లో ఢిల్లీలో మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియంలో 16 జట్లతో ఫైనల్స్ జరిగాయి. మన దగ్గర సెట్టింగులూ లారీలూ లేవు, నాకు అది హాయిగానే ఉంటుంది. కానీ మన బళ్ళల్లో ఎంతమంది ఆ పోటీ గురించి విన్నారు? ఎవరు గెలిచారో ఎవరైనా పందెం కట్టారా? మన వయసు పిల్లలు వాయిస్తుంటే మనమే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

అభిమానం సంగతి అలా ఉంచితే, చేరడం ఇంకా కష్టం. బదిలీ మీద వచ్చిన పిల్లవాడికి మన బళ్ళల్లో సాధారణంగా సంవత్సరం మధ్యలోనైనా తరగతిలో చోటు దొరుకుతుంది. బ్యాండులో దొరకదు. జాబితా జులైలో రాసేస్తారు, కొలతలిచ్చి యూనిఫాం కుట్టించేస్తారు, అంతే. నేను పనిచేసిన ఒకచోట తొమ్మిదో తరగతి పిల్లవాడు అక్టోబరులో వచ్చాడు. పాత బళ్ళో మూడేళ్ళు సైడ్ డ్రమ్ వాయించాడు. "లిస్టు అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. వచ్చే ఏడాదికి వాడు అక్కడ ఉంటాడన్న నమ్మకం ఎవరికుంది? రోజూ అసెంబ్లీలో బ్యాండు మోగుతుంటే, లైన్లో నిలబడి తొడ మీద వేళ్ళతో దెబ్బలు వేసేవాడు. అదే నెలలో బ్యాండు నుంచి ఒక అమ్మాయి, నాన్నగారికి పోస్టింగు వచ్చి, వెళ్ళిపోయింది. ఆ ఖాళీలోకి అప్పటిదాకా డ్రమ్ము పట్టని ఒక స్థానిక పిల్లవాడిని తీసుకున్నారు.

బ్యాండు మాస్టార్లు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. కొత్తవాడికి మన పాటలు రావు, అడుగు కలవదు, పోటీ దగ్గరికొచ్చింది అంటారు. నిజమే, ఒక్క అడుగు తప్పితే వరస మొత్తం వంకరగా కనిపిస్తుంది. కానీ మూడేళ్ళు వాయించినవాడికి మూడు వారాల్లో నేర్పలేనిది, ఏమీ రానివాడికి నేర్పగలమా? ఏటా పావు వంతు మంది మారినా పెద్ద బ్యాండులు నిలబడుతున్నాయంటే కొత్తవాళ్ళకి నేర్పే పద్ధతి వాళ్ళ దగ్గర ఉంది. మన బడి అయితే రావడానికీ పోవడానికీ కట్టిన బడి. ఆ పద్ధతి అందరికంటే ముందు మన దగ్గర ఉండాల్సింది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. జాబితాలో రెండు మూడు చోట్లు డిసెంబరు దాకా ఖాళీగా ఉంచండి. టి.సి.తో పాటు బ్యాండు పిల్లలకి ఇంకో కాగితం ఇవ్వండి. ఏ వాయిద్యం, ఎన్నేళ్ళు, ఏయే పాటలు వచ్చు, వరసలో ఏ చోట నిలబడేవాడు అన్నవి నాలుగు ముక్కలు రాసి, బ్యాండు మాస్టారి సంతకం పెడితే చాలు. కొత్త బళ్ళో ఆ కాగితం చూపిస్తే కనీసం ఒకసారి వాయించమని అంటారు. మార్కుల జాబితా బడి నుంచి బడికి వెళ్తోంది, ఇదీ వెళ్ళగలదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చే వేళకి కొంతమంది ఇళ్ళల్లో మళ్ళీ అట్టపెట్టెలు దిగి ఉంటాయి. వెళ్ళేవాళ్ళలో బ్యాండు పిల్లలుంటే, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చే రోజునే మాస్టారి దగ్గరికి వెళ్ళి ఆ కాగితం అడగండి. ఆయన ఇదేమిటని అడిగితే తెలుగు మేడమ్ చెప్పారని చెప్పండి.