ముక్కు మూసుకొని దాటే నది

ఎల్.బి.నగర్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి గోదావరి గట్టు. రాజమండ్రిలో హేవలాక్ వంతెన, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట చూసివచ్చి మా దిల్‌సుఖ్‌నగర్ మిత్రులు మురిసిపోతారు. సంతోషమే. కానీ మనమూ నదీతీరవాసులమే గదా! అనంతగిరిలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మన మూసీకి ముచుకుందానది అని ఎంత చక్కని పేరుంది! 1578 నాటి పురానాపూల్ నేటికీ నిలిచేవుంది. 1908 సెప్టెంబరు వరదలో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. గోదావరి వర్ణనలు వల్లె వేయించిన ఈ తెలుగు పండితుడు, పిల్లలను ఆ చెట్టు దగ్గరకు ఒక్కనాడూ తీసుకుపోలేదు. తప్పు నాదే. మురుగు మనదే, ఈసడింపు మాత్రం నదికా? వచ్చే ఆదివారం మనుమడితో పురానాపూల్‌కు వెళుతున్నాను. ముక్కుకు రుమాలు తప్పదనుకోండి.